గొలుసు చివరి గంధకం

ఆ ఒక్క మాటను మా సారు ఎందుకు కొట్టేశారు? ఈ ప్రశ్నను చాలా ఏళ్లుగా మోస్తున్నాను. పెళ్లయింది, పిల్లలు పుట్టారు, ఇతరుల రాతలు దిద్దే ఉద్యోగమూ వచ్చింది. ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. పోయిన ఆదివారం ధైర్యం చేసి ఆయన్నే అడిగేశాను. ఆయన జవాబు చెప్పారు. మంగళవారం పొద్దున ఆయన లేరు.

ఇట్లా రాసుకుని చూస్తుంటే ఇది ఎవరి సంగతో అన్నట్టే ఉంది. కబురు కాలేజీ ఆఫీసుకు వచ్చింది. ఫోన్లో సారు తమ్ముడు. "అమ్మా, అన్న పోయిండు. పొద్దుగాల నల్లా కాడ కూలబడ్డడు. నువ్వు రా" అన్నాడు. నేను "సరే అన్నా, క్లాసు అయిపోంగనే వస్తా" అన్నాను. ఎందుకట్లా అన్నానో తెలియదు. నిజంగానే క్లాసుకు వెళ్లాను, సుద్దముక్క తీసుకున్నాను, పాఠం మొదలుపెట్టాను. కాసేపటికి ముందు వరసలో అమ్మాయి లేచి, "మేడం, ఇది నిన్న చెప్పిన్రు" అంది. అప్పుడు కుర్చీలో కూర్చున్నాను. సుద్దముక్క ఇంకా చేతిలోనే ఉంది.

హుస్సేనీ ఆలంలో సారు వాళ్ల గల్లీకి చేరేసరికి నల్లా దగ్గర బిందెల వరస అట్లాగే ఉంది. ఎవరూ తీయలేదు. నీళ్లు ఎవరో కట్టేశారు. ఎదురింటి పెద్దాయన గోడకు ఆనుకుని నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకూ ఒకటే చెబుతున్నాడు: "అబ్భీచ్ తో సలాం కరే థే మాస్టర్ సాబ్, అబ్భీచ్." ఇప్పుడే కదా సలాం చేశాడు, ఇప్పుడే కదా అని. ఆయన నన్ను కూడా చూసి అదే చెప్పాడు. నాకు తెలిసిన మనిషే, వెళ్లినప్పుడల్లా పలకరిస్తాడు. ఆ రోజు మాత్రం నన్ను గుర్తుపట్టలేదు.

మా సారు వాళ్లది పాత వ్యాపారస్తుల కుటుంబం. తాతల నాటి నుంచీ రంగులూ వార్నిషూ లక్కా అమ్మే దుకాణం. అన్నదమ్ముల్లో ఈయన ఒక్కరే చదువు పట్టుకుని యూనివర్సిటీ దాకా వెళ్లారు, అక్కడే పాఠం చెప్పారు. దుకాణం వాసన మాత్రం ఒంటిమీద మిగిలింది. పాలిమర్ అంటే ఏమిటో మొదటి రోజు చెప్పడానికి ఆయన పుస్తకం తెరవలేదు. ఒక గాజు పలక మీద అవిశె నూనె పూసి, కిటికీలో పెట్టి, "ఇది ఎండుతదా, గట్టి పడుతదా? రెండు ఒకటి గాదు. రేపొచ్చి చెప్పు" అన్నారు. నీళ్లు ఎండితే ఆవిరై పోతాయి. నూనె ఎక్కడికీ పోదు, తనలో తాను కలుసుకుని పొర అవుతుంది. అది తెలుసుకోవడానికి నాకు ఒక రాత్రి పట్టింది. పలకను ముందొకసారి, తర్వాత ఒకసారి తూచి చూడాలని తట్టింది. ఆయన మెచ్చుకోలేదు. "తూచినవ్ గద, మంచిది" అన్నారంతే.

మా నాన్న కార్ఖానాలో ఫిట్టరు. మాది మలక్‌పేట. రీసెర్చి చేస్తానంటే ఇంట్లో పెద్ద లొల్లి. ఆడపిల్ల ఒక్కతే పొద్దుపోయేదాకా మంటల దగ్గరా స్పిరిటు దగ్గరా ఎట్లా అని అమ్మ భయం. సారు మా ఇంటికి వచ్చి, చాయ్ తాగి, నాన్నతో లేతుమిషన్ల గురించి చాలాసేపు మాట్లాడి వెళ్లిపోయారు. నా గురించి ఒక్క మాట అనలేదు. ఆయన వెళ్లాక నాన్న, "మనిషి సాఫ్ ఉన్నడు. పంపుదాం" అన్నాడు.

ఆయన పద్ధతులు కొన్ని చెప్పాలి. గాజు సామాను మేమే కడుక్కోవాలి, అటెండరుకు ఇవ్వకూడదు. త్రాసు దగ్గర మాట్లాడకూడదు. నేను కంగారుగా ఉన్న రోజున త్రాసు గదిలోకి రానిచ్చేవారు కాదు. "ఫికర్ ఉంటే బయట పెట్టి రా. ఫికర్ గూడ బరువే" అనేవారు. రాసిచ్చిన కాగితాలను పెన్సిలుతో దిద్దేవారు. గీత గీస్తే తీసెయ్యమని. గుండ్రం చుడితే, వచ్చి తనతో కొట్లాడమని. మొదటి రోజే అందరికీ ఈ సంగతి చెప్పేవారు. మగపిల్లల కాగితాల నిండా గుండ్రాలుండేవి. వాళ్లు లోపలికి వెళ్లి గొంతు పెంచి వాదించేవారు, నవ్వుకుంటూ బయటికి వచ్చేవారు. నా కాగితాల్లో గుండ్రాలు తక్కువ. అవి బాగున్నాయి కాబట్టి అని అప్పట్లో అనుకునేదాన్ని.

మేం చేసిన పని ఏమిటో కాస్త చెప్తే తప్ప ఆ మాట సంగతి అర్థం కాదు. స్టైరీన్ అనే ద్రవం ఉంది. దాని అణువులు ఒకదానికొకటి తగులుకుంటూ పోతే పొడుగాటి గొలుసవుతుంది. అదే ప్లాస్టిక్. ఈ తగులుకోవడం మొదలు కావడానికి జత లేని ఎలక్ట్రాన్ ఒకటి చివర కూర్చోవాలి. చిక్కేమిటంటే, అట్లాంటి చివరలు రెండు ఎదురుపడితే ఒకదాన్నొకటి పట్టుకుని చచ్చిపోతాయి. రెప్పపాటులో పుట్టి, వేల అణువులు తగిలించుకుని, అంతలోనే అయిపోతుంది. ఎప్పుడు ఆగాలో, ఎంత పొడుగు పెరగాలో మన చేతిలో లేదు. సారుకు ఒక ఆలోచన ఉండేది. రబ్బరు గట్టిపడటానికి వాడే గంధకపు మందు ఒకటి ఉంది. అది గొలుసు చివరకు వెళ్లి మూతలాగా కూర్చుంటుంది. వెలుతురు తగిలితే ఆ మూత ఊడి, గొలుసు కొంచెం పెరిగి, మళ్లీ మూత పడుతుందేమో. అట్లయితే గొలుసు చావదు, నిద్రపోతుంది. అప్పటికి అది అనుమానం మాత్రమే.

వెలుతురుకు మా దగ్గర ఒక పాదరసం దీపం ఉండేది, అది కాలిపోయింది. కొత్తది బయటి దేశం నుంచి రావాలి, పర్మిషన్లు ఎప్పటికి వస్తాయో తెలియదు. సెలవులు. మండే ఎండాకాలం. "ఎండ మనదే గద, దానికెవ్వడి పర్మిషన్?" అని సారు గాజు గొట్టాలు సీలు చేయించి, తడి తువ్వాలలో చుట్టి, రిక్షాలో వాళ్లింటి మేడ మీదికి తెచ్చారు. దారిలో ఒళ్లో పెట్టుకున్న ఆ గొట్టాలను చూసి రిక్షా అతను అత్తరా అని అడిగాడు. "అత్తర్ అయితే నీతో బేరమాడుదునా భాయ్" అన్నారాయన.

మేడ మీద సారు భార్య వడియాలు పెట్టి ఉంచింది. ఆమెను మేం అమ్మా అనేవాళ్లం. వడియాల పక్కనే మా గొట్టాలు. సగం గుడ్డ చుట్టకుండా ఎండలో, సగం నల్లగుడ్డ చుట్టి చీకట్లో. చీకట్లోవి ఊరికే పోల్చి చూసుకోవడానికి. నేను రెండు మూడు రోజులకొకసారి వచ్చి ఎండలోవాటిలో ఒకటి తీసుకెళ్లి, పగలగొట్టి, గొలుసు ఎంత పొడుగుందో కొలవాలి. గొలుసు ఎంత పొడుగైతే దాని ద్రావణం సన్నని గొట్టంలోంచి అంత నెమ్మదిగా కారుతుంది. స్టాప్‌వాచీ పట్టుకుని కూర్చోవడమే నా పని.

ఒకసారి పది రోజులు రాలేకపోయి, తర్వాత వచ్చి చూస్తే నల్లగుడ్డలు వేరే గొట్టాల మీద ఉన్నాయి. అమ్మ వడియాలు తిరగేస్తూ తాపీగా చెప్పింది. "అవి ఒక్కటే ఎండుతున్నయి, ఇవి పచ్చిగనే ఉన్నయి. తిప్పిన బిడ్డా. అన్నిటికి తగలాలె గద ఎండ." అప్పటికే రెండుసార్లు తిప్పిందట, ఒక్కోసారి ఒక్కో వరసను. కొన్నాళ్లు ఎండలో ఉన్నవి కొన్నాళ్లు చీకట్లోకి వెళ్లి, మళ్లీ ఎండలోకి వచ్చాయి. నాకు ఏడుపు ఆగలేదు. సెలవులన్నీ పోయినట్టే. సారు పైకి వచ్చి, విషయం విని, అమ్మను ఏమీ అనలేదు. ఏ గొట్టం ఎప్పుడు తిప్పిందో ఆమెనే అడిగి కనుక్కున్నారు. ఏ రోజు మినప వడియాలు పెట్టిందో, ఏ రోజు గుమ్మడి వడియాలో ఆమెకు గుర్తు. దాన్ని బట్టి చెప్పింది. "పారేసుడు ఎందుకు? కొలువు" అన్నారు సారు నాతో.

కొలిచాను. మామూలుగా అయితే మొదటి ఎండలో పుట్టిన గొలుసులు ఎప్పుడో చచ్చి ఉండాలి. రెండో ఎండలో కొత్తవి పుడతాయి, పొడుగు అంతే ఉంటుంది, గొలుసుల సంఖ్య పెరుగుతుంది. మా గొట్టాల్లో అట్లా కాలేదు. చీకట్లోకి వెళ్లినప్పుడు ఎంత ఉన్నాయో అక్కడి నుంచే పెరిగాయి. అన్ని రోజులు నిద్రపోయి లేచి పని మొదలుపెట్టినట్టు. స్టాప్‌వాచీ పాడైందేమో అని ఇంకోటి తెచ్చుకుని కొలిచాను. అదే జవాబు. సారు నా పక్కన నిలబడి చుక్క చుక్కా కారడం చూస్తున్నారు. కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ చూశారు. ఆయనంత సంతోషంగా ఉండటం నేను అప్పుడు ఒక్కసారే చూశాను. ఇంటికెళ్లి అమ్మకు చెప్పారట. "అయితే ఇంకోసారి తిప్పమంటవా?" అని ఆమె అడిగిందట.

ఆ తర్వాత వచ్చిందే అసలు చిక్కు. గొలుసులన్నీ నిజంగా నిద్రపోతుంటే ప్రతి గొలుసు చివరా గంధకం ఉండాలి. ఒక తలకు ఒక తోక. తలలు ఎన్నో ఒక పద్ధతిలో లెక్కగట్టాం. తోకలు లెక్కగట్టడానికి ఆ పాలిమర్‌ను కాల్చి, అందులోని గంధకాన్ని తెల్లటి మడ్డిగా దించి, తూచాలి. అంత పొడుగు గొలుసులో గంధకం ఆవగింజంత. వారాల తరబడి చేశాను. ఎప్పుడు చేసినా తోకలు తక్కువే వచ్చాయి. చాలావాటికి ఉన్నాయి, కొన్నిటికి లేవు. అంటే కొన్ని గొలుసులు చచ్చాయి.

"చానా వరకు బతికే ఉన్నయి గద సార్" అన్నాను.

"ఉన్నయి. చచ్చినయి ఎక్కడ పెడుదాం?" అన్నారు.

నేను వ్యాసం రాశాను. ఇంగ్లీషులోనే, మరెట్లా రాస్తాం. శీర్షికలో బతికి ఉన్న గొలుసులు అనే అర్థం వచ్చే మాట పెట్టాను. వేరే రకం రసాయనంలో ఆ మాట అప్పటికే వాడుకలో ఉంది. ఈ రకంలో ఎవరూ అంత ధైర్యం చేయలేదు. ఆ మాట ఉంటే చదువుతారు, లేకపోతే పేజీ తిప్పేస్తారు. ఇరవై ఏళ్లు దాటిన పిల్లకు ఆ మాత్రం తెలుసు. సారు బల్ల మీద పెట్టి ఇంటికి వెళ్లాను. మర్నాడు ఆ మాట మీద పెన్సిలు గుర్తు ఉంది. అది తీసేసి, నీటుగా టైపు చేసి తెచ్చాను. గంధకపు సమ్మేళనం ఉండగా కాంతివల్ల స్టైరీన్‌లో జరిగే మార్పు అని ఏదో చప్పటి పేరుతో చిన్న నోటుగా అచ్చయింది. దాని గురించి ఎవరూ ఒక్క ఉత్తరం రాయలేదు. నాకు డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. సారుకు రిటైర్మెంటు వచ్చింది.

కొన్నేళ్ల తర్వాత బయటి దేశపు పత్రికలో అదే సంగతి కనిపించింది. అదే గంధకం, అదే వెలుతురు, మూత ఊడటం, మూత పడటం, ఎంతో చక్కగా వివరించి. శీర్షికలో ఆ మాటే. లైబ్రరీలో నిలబడే చదివాను. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి సారు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కిటికీ దగ్గర కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివారు. "మంచిగ జేసిన్రు" అన్నారు. తర్వాత, "చచ్చినయి ఎన్నో ఎక్కడ రాసిన్రు?" అని వెనక్కి తిప్పి వెతికారు. అసూయ లేదు, బాధ లేదు. ఆ శాంతం చూసి నాకే ఒళ్లు మండింది. అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

అడిగింది పోయిన ఆదివారం, సారు ఇంట్లోనే. అమ్మ వంటింట్లో ఉంది. మాటల మధ్య, ఏదో గుర్తొచ్చినట్టు, అడిగాను.

"సార్, ఆ మాట ఎందుకు కొట్టేసిన్రు?"

"ఏ మాట?"

చెప్పాను. ఆయన ఆలోచించలేదు కూడా.

"కొట్టేయలే. గుండ్రం చుట్టిన."

చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టాను. ఆయనే అన్నారు. "నువ్వొస్తవని కూసున్న. లెక్కలు గూడ చూసిపెట్టుకున్న, ఏం కొట్లాడాల్నో. నువ్వు తెల్లారి ఆ మాట లేకుండ టైపు జేసుకొచ్చినవ్. నీకే నమ్మకం లేదేమో అనుకున్న."

"గీత సార్. నాకు మంచిగ యాదికుంది. అడ్డంగ గీత."

"గుండ్రం" అన్నారు. నవ్వారు. "సరే, వచ్చే ఆదివారం రా. అప్పుడు కొట్లాడంది ఇప్పుడు కొట్లాడుదాం."

ఆ కాగితం ఎక్కడా లేదు. టైపు చేశాక చిత్తుప్రతి ఎవరు దాచుకుంటారు? నేను కోపంగా ఇంటికి వచ్చాను. చదివే మీకు నిజం చెప్పాలి, చాలా కోపంగా. ఇన్నేళ్లు ఆయన మీద పెట్టుకున్న బరువును ఒక్క మాటతో నా భుజం మీద పెట్టారు కదా అని. సోమవారమంతా మనసులో వాదించాను. వచ్చే ఆదివారానికి ఏం అనాలో వాక్యాలు కూర్చుకున్నాను. మంగళవారం ఫోను వచ్చినప్పుడు ఆ వాక్యాల్లో ఒకటి సగంలో ఉంది.

నన్ను కుదిపేసింది అదే. మనిషి పోయాడన్నది బుద్ధికి ఎక్కుతోంది. కొట్లాట పోయిందన్నది ఎక్కడం లేదు. ఇప్పటికీ స్నానం చేస్తూ, బస్సులో కూర్చుని, ఆయనకు జవాబు చెబుతూనే ఉన్నాను. ఆయన ఏమంటారో కూడా నాకు తెలుసు. కానీ నేను ఊహించుకున్న సారు ప్రతిసారీ నాకే ఒప్పుకుంటున్నారు. అసలు సారు అంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి కాదు.

దినాలు ఇంకా నడుస్తున్నాయి, నిన్న సాయంత్రం వెళ్లాను. చుట్టాలు కింద ఉన్నారు. అమ్మ లోపలి గదిలో ఒక్కతే కూర్చుని ఉంది. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఇట్లాంటప్పుడు అడగకూడదని తెలిసీ అడిగాను. సారు ఆ సంగతి మీతో ఎప్పుడైనా అన్నారా, గీతా గుండ్రమా అని.

"నాకేం తెలుసు బిడ్డా. పెన్సిళ్లు చెక్కి ఇచ్చుడు నా పని" అంది. కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఆయన అబద్ధమాడడు. గని ఈ నడుమ మస్తు మర్చిపోతుండె. పాతయి యాదికుంటుండె, కొత్తయి పోతుండె. ఒక్కోసారి పాతయి గూడ ఒకదాంట్ల ఒకటి కలుపుతుండె. నేను సరిచేస్తే, గట్లనా, అంటుండె."

"కోపమొస్తుండెనా సరిచేస్తే?"

"నాకొస్తుండె" అంది. అంత దుఃఖంలోనూ ఇద్దరం కొంచెం నవ్వాం.

ఆ గదిలో గోడవారగా ఒక చెక్క కుర్చీ ఉంది. చేతులకు కొత్త మెరుపు. ఆ ఆదివారం నేను వెళ్లిపోయాక, తమ్ముడి దుకాణం నుంచి డబ్బా తెప్పించుకుని ఆయనే వార్నిషు వేశారట. రెండు రోజులు ఎవరూ కూర్చోవద్దని అందరికీ చెప్పారట. ఇల్లంతా జనం, కింద చాపల మీద కూర్చున్నారు, నిలబడ్డారు. ఆ కుర్చీలో మాత్రం ఇంకా ఎవరూ కూర్చోవడం లేదు. దగ్గరికి వెళ్లి చూశాను. కుడి చెయ్యి మీద ఒకచోట బొటనవేలి ముద్ర. గట్టిపడిందా లేదా అని సోమవారం ఎప్పుడో ఒత్తి చూసినట్టున్నారు. అప్పటికింకా పచ్చిగా ఉండి ముద్ర పడింది. ఇప్పుడు పూర్తిగా గట్టిపడింది. వేలి గీతలు ఒక్కొక్కటీ కనబడుతున్నాయి. నేను దాని పక్కన వేలు పెట్టాను. ఏమీ అంటలేదు.

ఆ రోజు కాగితం మీద ఉన్నది గీతో గుండ్రమో నాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. దానితో ఎట్లాగో సర్దుకుంటాను. సర్దుకోలేనిది ఇంకొకటి ఉంది. అది గుండ్రమే అనుకుందాం. నేను ఆ తెల్లారి లోపలికి వెళ్లి కొట్లాడాననే అనుకుందాం. అన్ని గొలుసులకు తోకలు లేవని తెలిసీ, ఆ మాటను శీర్షికలో ఉంచమని అడగడం సరైన పనేనా? ఉంచాల్సిందని ఒక పూట అనిపిస్తుంది, తీసేయడమే న్యాయమని మరో పూట. తేల్చుకోలేకపోతున్నాను.